మబ్బుకు పైన

ధర్మవరంలో జరీకి పూత పట్టించే కొట్లో
పందొమ్మిదేళ్లు చేసి
కొట్టు మూతబడినాక
అనంతపురానికి, మా ల్యాబుకు
అటెండరుగా వచ్చినాడు కుళ్ళాయప్ప.
మొదటిరోజే
వాక్యూమ్ ఛాంబరు గాజుకంటిలోంచి తొంగిచూసి
"ఇదీ పూతపనే కదా మేడం" అన్నాడు.

పూతపనే.
రాగి, ఇండియం, గాలియం, సెలీనియం
ఆవిరై లేచి
రేకు మీద పొరై కూర్చుంటాయి.
ఎంత మందమంటే వేళ్లతో చూపలేను.
శెనక్కాయ పప్పు మీది ఎర్రపొట్టును
ఇరవై పొరలుగా చీల్చగలిగితే
అందులో ఒకటి.
గ్రాము గ్రాముకూ లెక్క అడిగే రాకెట్టుకు
ఎండను పట్టే చాపను
చుట్టచుట్టి ఇవ్వాలి.

మూడోసారి పూత పడుతుండగా కరెంటు పోయింది.
పంపు రెండుసార్లు దగ్గి ఆగింది.
రాత్రంతా కూడబెట్టిన శూన్యంలోకి
ఊరి గాలి చొరబడింది.
నోటుబుక్కులో ఆ తేదీ కొట్టేసినాను.

నాలుగోసారి, అన్నిటికీ పైనుండే కిటికీ పొర వేస్తూ
గడియారం చూసి ఆపబోతే
చెయ్యి అడ్డం పెట్టినాడు.
"ఉండు మేడం. నెమలిమెడ ఇంకా దిగలేదు."
ఊదా కరిగి నీలమై
నీలం అంచున పచ్చ ఒక్కసారి మెదిలినప్పుడు
"ఇప్పుడు" అన్నాడు.
మీటరు కూడా అదే చెప్పింది,
మర్నాడు.

ఆయన పెళ్లాం సుంకమ్మ
తాడిపత్రి దోవలో సోలారు పలకలు తుడిచే కూలి.
పలకలకు రెండ్రోజులకో ట్యాంకరు.
పక్క ఊరికి ఎనిమిది రోజులకొకటి.
సూపర్‌వైజరు చూడనప్పుడు
గుడ్డ పిండిన నీళ్లు
కంచె పక్క వేపమొక్కకు పోస్తుంది.
మబ్బు పడితే
మీటరు పడిపోయిందని కంపెనీ సారు ఫోను మీద ఫోను.
మబ్బు పడితే
సుంకమ్మ గుడ్డ భుజానేసుకుని
కూలి పోయినా సరే అని నిలబడి చూస్తుందంట.

"పైన దీన్ని ఎవరు తుడుస్తారు మేడం?"
దుమ్ముండదు అన్నాను.
"నీళ్లో?" ఉండవు.
"గాలి?" అదీ లేదు.
"మడకశిర కన్నా అన్యాయం గదా!"
నవ్వి, చెప్పినాను.
అక్కడ గంటన్నరకొక పొద్దు పొడుస్తుంది,
గంటన్నరకొక పొద్దు గుంకుతుంది.
కాగుతుంది, గడ్డకడుతుంది, మళ్లీ కాగుతుంది.
కంటికి కానరాని కణాలు
వడగళ్ల మాదిరి కొడతాయి. పొరకు గాయాలవుతాయి.
కానీ వింత పదార్థమిది,
ఎండ తగిలి వెచ్చబడితే
ఆ గాయాల్లో కొన్ని వాటంతటవే మానుతాయి.

కుళ్ళాయప్ప చాలాసేపు మాట్లాడలేదు.
జరీ ఆమ్లంలో కాలిన బొటనవేలిని
అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.
"కొన్నే కదా" అన్నాడు.

తపాలాబిళ్లంత ముక్కలు నాలుగు
దూదిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని
బెంగుళూరు బస్సెక్కినాను.
సూదిమొనంత బెజ్జం పడిన అయిదోది ఆయనకిచ్చినాను.
ఇంట్లో గడియారానికి తగిలించినాడు.
కిటికీలో పెడితే నడుస్తుంది,
పొద్దు గుంకితే ఆగుతుంది.
"ఆగిందంటే ఆరున్నరయిందని తెలుస్తాది గదా."

పద్నాలుగు నెలలు గడిచినాక, జూన్‌లో ఒక సాయంత్రం
ముక్కలు నాలుగూ పైన కరెంటు పుట్టిస్తున్నాయని కబురొచ్చింది.
మెట్ల మీదికొచ్చి నిలబడినాం.
ఉరవకొండ దిక్కు నల్లగా లేస్తా ఉంది.
ఈ రాత్రి మన నెత్తి మీదుగా పోతుంది,
ఈ మబ్బు లేకుంటే చుక్క మాదిరి కనబడేది,
అనబోయి నాలుక కరుచుకున్నాను.
ఈ జిల్లాలో పుట్టి మబ్బును తిట్టడమా.

ఆయన ఇంకేదో లెక్కలో ఉన్నాడు.
"మన పొర మబ్బుకు పైన కదా మేడం?"
పైనే. శానా పైన.
"అయితే దానికీ వానకూ తగాదా లేదు."
లేదు కుళ్ళాయప్పా.

చొక్కా పైగుండీ విప్పుకుని
సందు చివర కనబడిన బావమరిదిని పిలిచినట్టు
"రా అప్పా, రా" అన్నాడు.

వాన రాలేదు. గాలి వచ్చింది.
ల్యాబు కిటికీలు దబదబ కొట్టుకున్నాయి.
కరెంటు పోతుందేమో, పంపు నడుస్తా ఉంది,
ఇద్దరం లోపలికి పరిగెత్తినాం.