తలుపు తీసే మనిషి

లెనార్డ్ ఓలరెన్‌షా అంటే మీకు తెలీదు.
ముఖం చూస్తే తెలుస్తుంది.
క్రూ స్టేషన్లో రైలు మారుతుంటే ఒకావిడ ఆపింది:
"మీరు మా చిన్నప్పటి పళ్ళ డాక్టరు కదూ?"
కాదనలేదు.
"ఆ దవడ పన్ను ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు.
ఆవిడ నోరు తెరిచి చూపించింది కూడా.

నేను ప్రాంప్టర్‌ని.
స్కార్‌బరోలో, సముద్రపు గాలికి తెర చెమ్మగిల్లే హాల్లో
ఎడమ పక్క స్టూలు మీద, మోకాళ్ళకి దుప్పటి చుట్టుకుని
మాట తప్పినవాళ్ళకి మాట అందించడం నా పని.
వారానికో నాటకం. సోమవారం కొత్త ముఖం.
శనివారం రాత్రి దాన్ని పాత తువ్వాలుకి తుడిచేసి
ఆదివారం రైలెక్కడం.
అతనికి ఇరవై ఆరేళ్ళు. ఇచ్చేవన్నీ ముసలి వేషాలు.
"నా బట్టతలే నాకు అన్నం పెడుతోంది హెస్టర్" అనేవాడు.
పొగాకు డబ్బాలో తొమ్మిది మీసాలు:
పాదిరీది, కల్నల్‌ది, దివాలా తీసిన వడ్డీవ్యాపారిది...
తొమ్మిదోది ఎవరిదో చెప్పలేదు.
ఇంకా రాలేదు, వస్తాడు అనేవాడు.

తర్వాత లండన్. సినిమావాళ్ళు పిలిచారు.
తలుపు తీశాడు.
ముప్ఫై ఏళ్ళు తలుపులే తీశాడు.
ప్రభువుల ఇళ్ళవి, అట్టతో చేసినవి,
గట్టిగా లాగితే గోడంతా వణికేవి.
"అయ్యగారు ఇంట్లో లేరమ్మా."
ఈ ఒక్క మాటని ఎన్ని రకాలుగా అనొచ్చో
నాకు ఉత్తరాల్లో రాసేవాడు.
నిజంగా లేనప్పుడు ఒకలా,
ఉండీ లేరని చెప్పమన్నప్పుడు ఒకలా,
లోపల తివాచీ మీద చచ్చి పడున్నారని
తనొక్కడికే తెలిసినప్పుడు ఒకలా.
మూడోదానికి మర్యాద కాస్త ఎక్కువ పట్టాలట.

అతన్ని పదకొండుసార్లు చంపారు.
ఒకసారి టీలో విషం.
విషం సంగతి సరే, టీ చల్లారిపోయిందని అతని బాధ.

పేరు చివర్లో వచ్చేది,
జనం లేచి కోట్లు తొడుక్కుంటుండగా.
ఓలెన్‌షా. ఓలరాన్‌షా.
ఒకసారైతే లెనోరా.
నేను లేవకుండా కూర్చునేదాన్ని.
దారి ఇవ్వలేదని పక్కవాళ్ళు గొణుక్కునేవాళ్ళు.

ఒక చలికాలం, రైలుపెట్టెలో,
"హెస్టర్, మనమిద్దరం..." అని మొదలుపెట్టి
ఆగిపోయాడు.
ఎవరెవరి మాటలో కంఠతా వచ్చు నాకు.
ఆ పేజీ మాత్రం నా దగ్గర లేదు.
యార్క్ వచ్చింది. అతను పెట్టెలు దింపాడు.

ఆఖరి వేషం టీవీలో, ఆసుపత్రి సీరియల్.
శవం. మాటల్లేవు. దుప్పటి మెడదాకా.
ఆ శవానికి కూడా ఒక బతుకు రాసుకున్నాడు:
హల్ రేవులో చేపల లెక్కలు రాసే గుమాస్తా.
కుడి చెవి వినపడదు. చెల్లెలితో మాటల్లేవు.
"ఊపిరి ఎవరైనా బిగపడతారు," ఫోన్లో చెప్పాడు,
"ఎవరి ఊపిరో తెలిసి బిగపట్టాలి."
తొమ్మిదో మీసం ఆ రోజు బయటికి తీశాడట.

నవంబరులో, హోవ్ దహనవాటికలో పద్నాలుగుమందిమి.
అక్కడా ఒక తెర. ఊదారంగుది, కరెంటుతో నడిచేది.
కుర్ర పాదిరీ కాగితం తిప్పాడు.
"మన ప్రియమైన లెనార్డ్..."
ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.
ఆ నిశ్శబ్దం నాకు తెలుసు.
కావాలని తీసుకున్న విరామమా, మాట తప్పిందా,
అరక్షణంలో తేల్చుకోవాలి.
జీవితమంతా అదే చేశాను, ఒక్కసారి తప్ప.
మూడో వరసలోంచి, పెదవి కదపకుండా,
హాలుకి వినపడనంత, వేదికకి అందేంత:
"ఓలరెన్‌షా."

అందుకున్నాడు. సరిగ్గానే పలికాడు.

తెర సగంలో ఇరుక్కుంది.
ఎవరో వచ్చి చేత్తో లాగారు.

బయట టీ దగ్గర ఒకాయన అడిగాడు:
"ఆయన పోలీసు కదండీ, సినిమాలో?"
ఏ సినిమాలో అన్నాను.
కాసేపు ఆలోచించి, "అన్నిట్లోనూ" అన్నాడు.

డబ్బా నాకు పంపారు.
ఎనిమిదే ఉన్నాయి.