సొంత వాక్యం

తొమ్మిదో తరగతి, ఏ సెక్షన్.
బోర్డు మీద రాసిన: అమేజింగ్.
అర్థం ఏందిరా అంటే ఓదెలు లేచి
"గమ్మత్తు, సార్" అన్నడు.
కాదురా, గమ్మత్తుల నవ్వుంటది,
దీంట్ల ఉండొచ్చు, ఉండకపోవచ్చు.
"అయితే సోద్యం" అన్నది ఎనక బెంచి.
సోద్యం మా అవ్వ మాట,
ముక్కు మీద ఏలేసుకోని
పక్కింటి దిక్కు చూసుకుంట అనే మాట.
దీనికి పక్కిల్లు అక్కర లేదు.

రాత్రి నిఘంటువుల చూసింది చెప్పిన:
ఈ మాట కడుపుల ఇంకో మాటున్నది, మేజ్,
లోపలికి పోతే తొవ్వ దొర్కని జాగ.
పిల్లలకు జల్ది సమజైంది.
ఫిబ్రవరి నెల, ఎనుమాముల మార్కెట్ల
మిర్చి బస్తాల సందుల పడి
తప్పిపోని పోరడు ఎవడున్నడు ఈ బడిల?

పుస్తకంల ఉదాహరణ తాజ్‌మహల్.
వీళ్లల్ల ఎవరూ చూడలే, నేను సుత చూడలే.
అందుకే, సొంత వాక్యం రాసుకొని రండి, అన్న.

తెల్లారి నలభై రెండు నోటుబుక్కులు.
బజ్జీ అమేజింగ్.
మా మామ కొత్త బండి అమేజింగ్.
కాజీపేటకు ప్యాసింజర్ టైముకొచ్చింది, అమేజింగ్.
దానికి ఒక మార్కు ఎక్కువేసిన.
ఒకడు నేనే అమేజింగ్ అని రాసిండు,
నా పేరు తప్పు రాసి.

అన్నిటి కింద రవళి బుక్కు.
అట్ట మీద ఎర్రగ ఏలిముద్రలు.
తెలుగుల మొదలుపెట్టింది:
"మా అమ్మ కోల్డ్ స్టోరేజీల తొడిమెలు తీస్తది.
మొదాలు రాత్రంత తుమ్మేది, దగ్గేది.
మండుతయని నా చెంపలు ముట్టకపోయేది.
ఇప్పుడు తుమ్ముత లేదు.
ఇట్ ఈజ్ అమేజింగ్."

ఎర్రపెన్ను మూత తీసి కూసున్న.
క్రియ సరిగనే ఉన్నది.
చుక్క సుత పెట్టింది.
ఇట్ అంటే ఏది, తల్లా, తుమ్మా,
అని పక్కన రాద్దామనుకున్న. రాయలే.
చెంపలు ఇప్పుడు ముడుతదా అనేది
ఇంగ్లీషు సారు అడిగే ముచ్చటేనా?

బెల్లు కొట్టిన్రు.
ఇంకేమన్న రాసిందేమోనని పేజీ తిప్పిన.
ఏం లేదు.
కాయితాల నడుమకెల్లి
సన్నగ దుమ్ము లేచింది.

స్టాఫ్‌రూమంత మల్లి చూసేటట్టు
తుమ్మిన,
మూడుసార్లు.