తువ్వాలు కింద వేళ్ళు

దామలచెరువు మండీలో మూడు సీజన్లు చీటీలు రాశాను.
తువ్వాలు కింద ఇద్దరి వేళ్ళు మాట్లాడుకునేవి,
కాయ తెచ్చిన రైతు వాళ్ళ మొహాల్లో ధర వెతుక్కునేవాడు.
పైకి వినబడేది చివరి మాట ఒక్కటే.
అది నేను రాసేవాణ్ణి.

అందుకే ఈ రాత్రి
తిరుపతిలో, హాస్టల్ రెండో అంతస్తులో,
ఒక్క ఫోను చుట్టూ పదకొండు తలకాయలు చేరితే
నాకా తువ్వాలే గుర్తొచ్చింది.

కబడ్డీ లీగు వాళ్ళు కాలేజీ పిల్లోళ్ళను ఏరుకునే రోజు.
మా పీడీ చెంగల్రాయులు సారు నిన్న
సున్నం గీత పక్కన కూచోబెట్టి చెప్పినాడు:
పోయినేడు అట్టడుగున ఉండిన జట్టు ముందు ఏరుకుంటాది,
గెలిచినోడు కడాన.
"ఓడినోడికి మొదటి ముద్ద. న్యాయమే గదరా."
జట్టు నిన్ను ఎంచుకుంటాది, నువ్వు జట్టును కాదు.
పిలిచిన ఊరికి పోవాల,
పోనంటే ఆ ఏడాదికి నీకు ఏ ఊరూ లేదు.

ఇంకొకటి ఉంది.
అది చెప్పేముందు విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు, విప్పుకున్నాడు,
నా వైపు చూడలేదు.
సెకండియరోడు రేటు నచ్చకపోతే వద్దని
మళ్ళీ క్లాసులో కూచోవచ్చు, వచ్చే ఏడు రావచ్చు.
ఫైనలియరోడి దగ్గర ఆ వద్దు లేదు.

సారు చెప్పక్కర్లేదు.
పచ్చిగా ఉన్న బెంగళూరా కాయ చెట్టు మీద ఆగగలదు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
రెండు రాత్రులు ట్రాక్టర్లో నిలబడ్డ కాయ
ఏ రేటుకైనా దిగిపోతుంది.
రెండూ ఒకే చెట్టువి.

పోయిన నెల నన్ను కొలిచారు.
బరువు డెబ్భై తొమ్మిది. మణికట్టు. పిక్క. నిలబడి దూకిన ఎత్తు.
ఒకాయన ఎడమ మోకాలి చిప్ప పక్కన బొటనవేలితో నొక్కాడు,
తొడిమ దగ్గర నొక్కి చూస్తారే, అట్నే.
నొప్పా? అన్నాడు. లేదన్నాను.
ఏం రాసుకున్నాడో, అట్ట అడ్డం.
చీలమండ చేతికి చిక్కిన క్షణాన
పైవాడి కూత ఎట్లా సన్నబడుతుందో
నా అరచేతికి తెలుసు.
దానికి ఆ కాగితంలో గడి లేదు.

రెండో రౌండులో మా గది హేమాద్రి పేరొచ్చింది.
సెకండియరు. రైడరు.
నాకంటే మంచోడు, ఒప్పుకుంటా.
ఐదు రౌండ్లంత మంచోడు కాదు.
అందరూ ఎత్తితే వాడి తల ట్యూబులైటుకు తగిలింది.
కిందికి దిగి, తల రుద్దుకుంటూ,
"చూద్దాం, ఎంతిస్తారో" అన్నాడు.

చూద్దామంట.
ఆ మాట మడతలో ఇంకో ఏడాది భద్రంగా ఉంది,
వాడికి తెలీదు.

నాలుగు. ఐదు.
మెస్సులో మాకోసం తీసిపెట్టిన సాంబారు మీద తెట్టు కట్టింది.
ఇద్దరు పడుకోను పోయారు, ముగ్గురు పోవడానికి మొహమాటపడ్డారు.
ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సుల లైట్లు పల్చబడ్డాయి.
ఆరు.

ఏడో రౌండు, కడా నుంచి మూడో పేరు:
నా ఇంటిపేరు తప్పు పలికారు.
జట్టు పేరు చెప్పేప్పుడు ఫోను గిర్రున తిరిగి తిరిగి
తేరుకునేసరికి ఇంకెవడిదో ఫోటో.
రేటు చెప్పలేదు.
ఆఖరి రౌండుకు రేటు ముందే రాసిపెట్టి ఉంటుందట.

హేమాద్రి నా వీపు చరిచాడు.
"నువ్వు ఎంతడగతావు?"

స్నానానికని తెచ్చుకున్న తువ్వాలు ఒళ్ళో ఉంది.
ఊరికే, దాని కిందికి చెయ్యి పోనిచ్చాను.
అవతల ఎవరి వేళ్ళూ లేవు.

సారుకు ఫోను చేసి, సరేనని చెప్పండి అన్నాను,
రైలు ఎన్నింటికి అన్నాను.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదాయన.
"ముందు యా ఊరో కనుక్కోరా" అన్నాడు.