పెడచెవి

హార్దాంగర్ ఫ్యోర్డ్ అడుగున, నాలుగు వందల మీటర్ల లోతున
ఒక చెవి ఉంది.
దానికి ఒకటే బ్యాటరీ. ఏడాది తిరిగి పడవ వచ్చేదాకా
దాంతోనే సంసారం ఈదాలి.

పైనుంచి మాట ఒక్క గొంతుతో దిగదు.
ఐదువందల పన్నెండు సన్నని స్వరాలు,
ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా కొలిచి పేర్చినవి.
నీళ్ళు ఆ కొలతను ఖాతరు చేయవు.
అల పడవను ఎత్తుతుంది, స్వరం జారి పక్కదాని మీద పడుతుంది.
అడుగు రాయి ఒకసారి, నీటి పైకప్పు ఒకసారి
అదే మాటను ఆలస్యంగా అప్పజెబుతాయి.

ఎవరి మాట ఎవరి మీద ఎంత పడిందో తేల్చడానికి
సినోవె ఒక పట్టిక వేసింది:
ఐదువందల పన్నెండు వరసలు, అన్నే నిలువులు.
దాన్ని తిరగేస్తే మాట దొరుకుతుంది, నిజమే.
లెక్క చూసింది. పదకొండు రోజుల్లో బ్యాటరీ చస్తుంది.

బెర్గెన్ ఆఫీసులో వాన కిటికీని కడుగుతూనే ఉంది.
పట్టికకు రంగులేసి చూసింది:
మూల నుంచి మూలకు ఒక ఎర్రటి గీత,
దాన్నానుకుని కాస్త వెచ్చదనం,
మిగతాదంతా బూడిద.
బూడిదే గాని, సున్నా కాదు.

ఆ ‘కాదు’ దగ్గరే మూడు వారాలు.

పడవ నడిపే తోర్లైఫ్‌కి డెబ్బై ఒకటి, చెవిలో మిషను.
రేవు క్యాంటీన్‌లో దాన్ని తీసి సాసర్లో పెట్టాడు,
చేపల సూప్ పక్కన.
“అన్నీ వినిపిస్తే ఎవరూ వినపడరు.
నువ్వే కాస్త ముందుకొచ్చి మాట్లాడు.”
సలహా ఇచ్చాననుకోలేదాయన. ఉప్పు అడిగాడు.

ఆ రాత్రి ఆమె చెరిపింది.
ప్రతి స్వరానికీ తాను, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు.
అంతకు మించి ఇరుగూ లేదు పొరుగూ లేదు.
రెండు లక్షల అరవై రెండు వేల గళ్ళలో
రెండున్నర వేలు మిగిలాయి.
దూరపు గుసగుసలన్నీ పెడచెవిన పెట్టింది,
తెలిసే, కాగితం మీద సంతకం పెట్టినట్టు.

డిసెంబర్లో చెవిని దించారు.

మార్చిలో, మంచు జల్లులో, పడవ అంచు మీంచి
తాడు కట్టి ప్రశ్నను దించారు.
తోర్లైఫ్ అడక్కుండానే ఇంజను ఆపాడు.
కింద ఉన్నది నాలుగు నిమిషాలకోసారి మేలుకుంటుంది.
నాలుగు నిమిషాలు నాలుగు నిమిషాల్లా లేవు.

తర్వాత తెర మీద:
నీరు ఏడున్నర డిగ్రీలు. బ్యాటరీ డెబ్బై ఆరు శాతం.
మధ్యలో ఒక అక్షరం తప్పుగా వచ్చింది.

సినోవె దాన్ని దిద్దలేదు.