ఏడో నంబరు సీసా

ఐదున్నరకల్లా గోల్నాకలో ఉంటాం.
ఊరు కళ్ళు నులుముకుంటూ
మొదటి చెంబుడు నీళ్ళు వదిలే వేళ.
ఇంకాస్త ఆలస్యమైతే
స్నానాల సబ్బు నురగ కలిసి
అసలు మాట పలచబడుతుంది.

బుచ్చిరాములు కొక్కెం తగిలించి
ఇనుప మూతను పక్కకు జరుపుతాడు,
నిద్రపోయేవాళ్ళ మీది దుప్పటి జరిపినంత మెల్లగా.
వెంటనే వంగడు. నన్నూ వంగనివ్వడు.
"ఆగు మేడం, దాన్ని జర ఊపిరి తీసుకోనీ."
పది నిమిషాలు ఇద్దరం దూరంగా నిలబడి
ఇరానీ హోటల్ షట్టర్ లేచే చప్పుడు వింటాం.

ఇరవై రెండేళ్ళు లోపలికి దిగినవాడు.
ఇప్పుడు దిగడు. ఎందుకని ఒకసారి అడిగితే
తమ్ముడి పేరు చెప్పి
కొక్కేన్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు.
మళ్ళీ అడగలేదు.

మోరీని ఆయన చదివినట్టు నేను చదవలేను.
"రంజాన్ నెల మూడింటికే లేస్తది.
హోలీ అయినంక రెండు దినాలు గులాబీ రంగు కక్కుతది.
పరీక్షలప్పుడు చూడు, రాత్రంతా నిద్రపోదు."
నా దగ్గర ఉన్నది కొలత ఒక్కటే.
తాడుకు కట్టిన డబ్బా, లీటరు సీసా, మంచుపెట్టె.
సీసా మీద నంబరు, తేదీ, వేళ.
పేరుండదు.

ఓటరు లిస్టుకెక్కనివాళ్ళూ ఇందులోకి ఎక్కారు.
గేటు పెట్టుకుని వేరుపడ్డ కాలనీ,
దాని ప్రహరీకి వీపు ఆనించిన రేకుల ఇళ్ళు
కిందికొచ్చేసరికి ఒకే గొట్టం.
దవాఖానకు పోనివాడు,
పోయి డాక్టరుకు అబద్ధం చెప్పినవాడు,
తనకు రోగమని ఇంకా తనకే తెలియనివాడు
అందరూ పొద్దున్నే సంతకం పెట్టి పోయారు.

వడగట్టి, రాత్రంతా చలిగదిలో ఉంచి,
గిరగిరా తిప్పితే
అడుగున గోటి మొనంత తెల్లటి మరక.
ఇంత పొద్దున లేచింది దాని కోసమే.
యంత్రం దాన్ని నలభైసార్లు వేడెక్కించి చల్లారుస్తుంది.
ఏమీ లేకపోతే గీత నేలబారున పడుకుంటుంది.
మంగళవారం ఏడో నంబరు గీత
ఇరవై ఆరో చుట్టుకే తల ఎత్తింది.
పోయిన వారం ముప్పై నాలుగు దాకా ఆగింది.
నోరో వైరస్.
పేరులో నోరుంది గాని
చెప్పాల్సి వచ్చింది మోరీయే.

నివేదిక పైకి పోయింది.
మూడు బల్లలు దాటాలి.
ఏడో నంబరులో మా వీధి కూడా ఉంది.
ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదు.

ఆ రాత్రి ఒంటిగంటకు
మా వంటింటి గోడలో గొట్టం దడదడలాడింది.
పావుగంటకు మళ్ళీ.
మళ్ళీ.
నాలుగోసారికి లేచి స్టవ్ వెలిగించాను.

పై వాటా తలుపు తట్టేలోపే తెరుచుకుంది.
తహసీన్ భుజం మీద
చిన్నోడు పిండిన తువ్వాలులా వేలాడుతున్నాడు.
"అరె, మీకెట్ల తెలిసింది బాజీ?"
"గోడ చెప్పింది" అన్నాను.
కాచి చల్లార్చిన నీళ్ళలో ఓఆర్ఎస్ పొడి,
చెంచా తర్వాత చెంచా.
కక్కుకున్నాడు. ఆగి, మళ్ళీ చెంచా.
మూడు దాటాక ఎక్కడిదో ఒక కన్నీటి చుక్క
వాడి చెంప మీదికి జారింది.
ఏడుపులో తడి కనపడితే ఇంత సంతోషమని
ఏ పాఠంలోనూ చదవలేదు.

ఐదున్నర.
"కండ్లు ఎర్రగున్నయేంది మేడం?"
జవాబు చెప్పకుండా ఊపిరి తీసుకునే దాని వైపు చూశాను.
డబ్బా దించాను. తాడు బరువెక్కింది.
రాత్రి పై వాటా ఇందులోనే ఉంది,
నేను చేతులు కడుక్కున్న నీళ్ళూ.
మూత బిగించి
నంబరు, తేదీ, వేళ రాశాను.
ఎప్పటిలాగే లీటరు.