ఖాళీ బండి కాటా

"ఖాళీ బండా, లోడా?"
వేబ్రిడ్జి గదిలోంచి అలవాటుగా అడిగాడు శేషగిరి.
ఖాళీయే, అన్నాను.
ఇంకా ఖాళీ చేస్తున్నాం.

ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా
లారీలకు బరువు మోయడం నేర్పినవాణ్ణి.
కమాను పట్టీకి ఇంకో పట్టీ,
చాసిస్‌కి అతుకు మీద అతుకు.
ఈ జోజి వచ్చి, తగ్గించు మావా, అంటాడు.
చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంది నాకు.

పాత ఎస్టీమ్. ఒకప్పుడు తెల్లది.
మొదట వెనక సీటు పోయింది.
తర్వాత తివాచీ, దాని కింద
రెండు రూపాయల బిళ్ళ, ఎవరి పిల్లదో జడపిన్ను,
వేరుశనగ పొట్టు.
స్టెప్నీ, జాకీ, ఏసీ,
అద్దాలు దింపే మిషన్లు.
నేల మీది తారు పొరని ఉలితో రెండు రోజులు గీకి
పాత ఇనుము మీరావలి తక్కెడలో వేశాం:
తొమ్మిది కిలోల నాలుగొందలు.
రోహిణీ కార్తెలో మా ఒంట్లోంచి పోయింది
ఎవరూ తూచలేదు.

నలభై అయిదు కిలోలకి సెకనులో పదో వంతు
అని గోడ మీద సుద్దతో రాశాడు జోజి,
గ్యాస్ సిలిండర్ బాకీ లెక్క పక్కనే.
పదో వంతంటే ఎంతరా అంటే
కన్ను కొట్టి, ఇందులో సగం, అన్నాడు.

పంజరం దగ్గర వచ్చింది పేచీ.
గొట్టం మందం రెండున్నర మిల్లీలని రూలు.
కనపడేదంతా రెండున్నర వేసి
నెత్తి వెనక, రంగు కింద,
ఒకటిన్నరతో సరిపెట్టు మావా,
ఎవడు చూస్తాడు,
ఏడు కిలోలు కలిసొస్తాయి.

నేను వెంటనే కాదనలేదు. అది చెప్పాలి.
నా అతుకు మీద రంగు పడితే
నాకే కనపడదు.
ఒకటిన్నర గొట్టం చేతిలోకి తీసుకున్నాను,
బొప్పాయి కాడలా ఉంది.
వైస్‌లో బిగించి సుత్తితో ఒక్కటి వేశాను.
రెండున్నరదీ బిగించి, అంతే బలంగా ఇంకొకటి.
రెండూ బెంచీ మీద పెట్టి
టీకి పోయాను.
వచ్చేసరికి జోజి
సొట్టలో బొటనవేలు పెట్టి చూస్తున్నాడు.
హెల్మెట్ ఒళ్ళో ఉంది.

ఆ తర్వాత తలుపు లోపలి అడ్డకమ్మీ జోలికి పోలేదు,
మంటలార్పే సిలిండర్ జోలికీ పోలేదు.
బానెట్‌కి లోపలివైపు చిల్లులు పెట్టుకున్నాడు, పెట్టుకోనిచ్చాను.
బోల్టుల పొడుగు కోశాడు,
నట్టు దాటాక రెండు మరలు ఉంచి.
ఆ రెండు మరలూ నా షరతు.

చివరికి తననే కోసుకున్నాడు.
నెల రోజులు రాత్రిళ్ళు మజ్జిగే.
వాళ్ళమ్మ ఇన్నాసమ్మ షెడ్డుకొచ్చి
కారు చిక్కితే చిక్కింది,
పిల్లాణ్ణెందుకయ్యా చెక్కుతున్నావు,
అని నన్ను తిట్టింది.

ఇరవై టన్నుల ఇసుకకి అలవాటైన ప్లాట్‌ఫాం మీద
మా బండి, పళ్ళెంలో చీమ.
ఆ కాటాకి పది కిలోల లోపు లెక్కే తెలీదు.
జోజిని కూర్చోబెట్టి తూస్తే ఏడొందల యాభై.
డ్రైవరుతో కలిపి ఏడొందల అరవైకి తగ్గకూడదని రూలు.

స్లిప్పు రెండుసార్లు చదివాడు.
నెల మజ్జిగంతా మొహంలో తేలింది.
సీసం బిళ్ళలు బిగిద్దాం మావా, సీటు వెనక, అన్నాడు
నీరసంగా.
బిగిద్దాం లేరా, ముందు పద.

బందరు రోడ్డు పక్కన తోపుడు బండి దగ్గర
నాలుగు ఇడ్లీ, మీద కారప్పొడీ నెయ్యీ,
ఆపైన ఉల్లి పెసరట్టు.
తిను, అన్నాను. రూల్లో ఉంది.
నవ్వబోయి పొలమారాడు.

పందెం ఆదివారం.

ఎస్టీమ్ వెనక సీటు
షెడ్డు ముందు ఇటుకల మీద ఉందిప్పుడు.
టీ వేళకి కుర్రాళ్ళు నలుగురు
ఇరుక్కుని కూర్చుంటారు.
వాన పడితే లోపలికి లాగాలి.
ఇద్దరు పట్టాలి.
బరువే.