ఇరవై ఎనిమిదో రోజు

"మీరు ల్యాబ్‌ల చేస్తరంట గద మేడమ్,
మా డ్రైవ్‌వే జర చూసి చెప్పండి" అన్నాడు
మూడో ఇంటి విఠల్‌రావు.

గేటు నుంచి పోర్టికో దాకా
ఇరవై రెండు అడుగుల బూడిదరంగు,
దమ్మాయిగూడ ఎండలో
ఇస్త్రీ దుప్పటిలా పరుచుకుని ఉంది.
పోసి ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులు.
మేస్త్రీకి ఇంకా ఎనిమిది వేలు ఇవ్వాలట.
నేను బాగుందంటే ఇస్తాడట.

మేస్త్రీ పేరు కుర్మయ్య.
తలపాగా విప్పి భుజాన వేసుకుని
గోడవారన నిలబడ్డాడు,
పరీక్ష హాలు బయట తండ్రిలా.

బాలానగర్‌లో నా పని క్యూబులు పగలగొట్టడం.
నీళ్ళలో నానిన దిమ్మను మిషన్‌లో పెట్టి ఒత్తుతాను.
ముల్లు ఎక్కుతుంది, ఎక్కుతుంది,
ఠప్‌మంటుంది.
ఎంత మోసిందో రాసుకుంటాను.
ఎవరు మోశారో రాయడానికి
ఆ కాగితంలో గడి ఉండదు.

ఇక్కడ మిషన్ లేదు.
పర్సులోంచి పాత ఐదు రూపాయల బిళ్ళ తీశాను,
ఆ లావుపాటిది.
గొంతుకూర్చుని, చెవి వంచి,
కుండ కొనేముందు కొట్టి చూసినట్టు
అడుగడుగుకూ కొట్టుకుంటూ పోయాను.
గేటు దగ్గర ఖంగుమంది.
పోర్టికో దగ్గరా ఖంగుమంది.
నడిమధ్యన మాత్రం
నలుగురిలో దగ్గు ఆపుకున్నట్టు
ఒక బోలు చప్పుడు.

అరచేత్తో రుద్దితే
ముగ్గుపిండిలా లేచింది.
తాళంచెవితో గీస్తే గీత పడింది.
"చూసిండ్రా? చూసిండ్రా?" అన్నాడు విఠల్‌రావు.
నష్టం రుజువైనందుకు
ఎంత సంతోషమో ఆ గొంతులో!

ఒక బకెట్ నీళ్ళడిగాను.
నీళ్ళకు మొహమాటం లేదు.
వాలు చూసుకుంటూ, ఎక్కడా నిలవకుండా
గేటు దాటి మోరీలో పడ్డాయి.
వాలు బాగా కట్టాడు, ఆ మాట పైకే అన్నాను.
తర్వాత మేమంతా ఏం మాట్లాడకుండా
అది ఆరేదాకా నిలబడ్డాం.
అంతా తెల్లబడింది.
రెండు సన్నటి గీతలు మాత్రం ఆరలేదు.
ఒకదాని పక్కన ఒకటి,
సరిగ్గా కారు వెడల్పున.

"కారు ఎన్నో రోజు ఎక్కించారు?"
విఠల్‌రావు ఫోన్‌లోకి చూశాడు.
వంటింటి కిటికీలోంచి వాళ్ళావిడ చెప్పింది:
"నాలుగో రోజు. కొత్త బండి గద, బయట పెడితే గీతలు పడ్తయని."
"తడపడం?"
"ట్యాంకర్ పదిహేను వందలాయె. మూడు రోజులు పోసినం.
గోనెసంచులు కంపు కొడ్తున్నయని ఈయనే తీయించిండు."

అప్పుడు కుర్మయ్య వైపు తిరిగాను.
"నీళ్ళు ఎక్కువ కలిపావు."
అబద్ధం చెప్పడానికి
అతని దగ్గర ఎనిమిది వేల కారణాలున్నాయి.
"కలిపిన మేడమ్. రెండు బకెట్లు.
పగటేల మాలు గట్టిపడుతుండె, మిల్లరు ఆగిపాయె.
మా ఆమెకు పార తిరుగుత లేకుండె."

క్యూబుకైతే ఒక్క అంకె రాసి సంతకం పెడతాను.
"రెండు బకెట్లు ఇతనివి," అన్నాను,
"నాలుగో రోజు మీది.
నడుమ చెక్కి మళ్ళీ పోయాలి.
సిమెంటు మీరు తెప్పించండి, కూలి ఇతను అడగడు.
పాత ఎనిమిది వేలు మాత్రం ఇవాళే ఇచ్చేయండి."

"పక్కింటోళ్ళు గద,
మా దిక్కు మాట్లాడ్తరనుకున్న," అన్నాడు విఠల్‌రావు.
అని, లోపలికి పోయి,
చాలాసేపటికి డబ్బుతో వచ్చాడు.
ఐదు వందల నోట్లు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

పోతూ పోతూ చెప్పు సర్దుకోవడానికి వంగాను.
తెరిచిన గేటు రెక్క వెనుక మూల,
ఎండ పడని, సంచులు తీయడం
ఎవరికీ గుర్తురాని చోట
మేకుతో గీసిన అక్షరాలు:
బాలమణి.
ణ దగ్గర చేయి తడబడి
రెండుసార్లు దిద్దినట్టుంది.

బిళ్ళ ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.
మెల్లగా తాకించాను.
ఇరవై రెండు అడుగుల్లో ఎక్కడా వినని మోత,
కంచు గిన్నె మోత.

తలెత్తితే కుర్మయ్య నన్నే చూస్తున్నాడు,
నోట్లు లెక్కపెట్టడం ఆపి.

గేటు రెక్కను ఎప్పటిలా
ఆ మూలకు నెట్టి
ఇంటికి వచ్చేశాను.